అక్క మాటకు నేను చెప్పిన హిందీ

ఆ రోజు నేను మా అక్క మాటను మార్చి చెప్పాను. పొరపాటున కాదు. పొరపాటని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను కాబట్టి ముందు ఆ మాట తీసేస్తున్నాను. పదకొండేళ్లుగా ఈ బరువు నా గుండె మీద ఉంది. చెప్పాల్సినవాళ్లకు ఈమధ్యే చెప్పాను. కానీ ఎందుకు చేశావని ఎవరూ అడగలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది తెలంగాణ సరిహద్దు పక్కనే, హిందీ రాష్ట్రంలోని బీజాపూర్ జిల్లాలో, ఉసూర్ వైపు ఒక పల్లె. ఇంట్లో తెలుగు, సంతలో గోండీ, కచేరీలో హిందీ. పన్నెండో తరగతి వరకు హిందీలో చదివినవాణ్ణి కావడంతో, ఊళ్లో ఎవరికి తహసీల్ కచేరీలో పని పడినా నన్ను వెంట తీసుకెళ్లేవాళ్లు. వాళ్ల మాట సారుకు, సారు మాట వాళ్లకు చెప్పేవాణ్ణి. ఎవరి మాటనూ వంకర చెయ్యలేదు, ఒక్కరిది తప్ప.

నాన్న పోయాక వాగు పక్కనున్న ఐదెకరాల పొలం వారసుల పేరు మీదికి మారాలి. వారసులం ఇద్దరమే, అక్కా నేనూ. అక్కను సరిహద్దు అవతల, తెలంగాణలో చర్ల దగ్గరికి ఇచ్చారు. అంతకు ముందు ఏడే బావ పోయాడు. సగం పొలం తన పేరున రాస్తే వచ్చి ఇక్కడే గుడిసె వేసుకుని దున్నుకుంటానని కబురు పెట్టింది. నేను జవాబివ్వలేదు. నా ఒక్కడి పేరుతో దరఖాస్తు పెట్టాను. ఆ సంగతి అక్కకు ఎవరో చెప్పారు. విచారణ రోజు జీపెక్కి వచ్చేసింది.

నేనే దరఖాస్తుదారుణ్ణి, నేనే ఆమె నోరు. ఆ గదిలో ఎవరికీ అందులో వింత కనిపించలేదు. ఎప్పుడూ నేనే కదా చెప్పేది.

తహసీల్దారు ఆమెను అడిగాడు. తమ్ముడి పేరు ఒక్కటే ఎక్కించడం ఇష్టమేనా? అభ్యంతరం ఉంటే వాటాలు తేల్చే అధికారం నాకు లేదు, పొలం ఈ జిల్లాలో ఉంది కాబట్టి బీజాపూర్ సివిల్ కోర్టుకు వెళ్లాలి, అంతవరకు ఈ దరఖాస్తు ఆపి ఉంచుతాను. ఇంత స్పష్టంగా చెప్పాడాయన.

అక్క నావైపు తిరిగింది. "ఏందిరా అంటున్నడు?"

"నీకేం కావాల్నో చెప్పమంటున్నడు."

"నాకు సగం కావాలె. నాయన పాణం బాగ లేనప్పుడు నువ్వు చూసినవ్, నేను కాదన. వాగు దిక్కు మంచి మడి నువ్వే తీసుకో. గట్టు దిక్కుది నాకియ్యమను. ఇయ్యాల కాకుంటే ఏడికి పోవాల్నో చెప్పమను."

నేను సారువైపు తిరిగి, ఆమెకు ఇష్టమేనన్నాను.

అక్క నవ్వింది. "నేను గంపెడు చెప్తి, నువ్వు పిడికెడు చెప్తివి. హిందీల మాటలు తక్కువనా తమ్మీ?"

గుమాస్తా వాంగ్మూలం హిందీలో రాశాడు. దాని కింద ఆమె తన పేరు తెలుగులో రాసింది, ఒక్కో అక్షరం ఒత్తి ఒత్తి. బయటికొచ్చాక, ఇక్కడ వినరట, నువ్వుండేది తెలంగాణలో కాబట్టి భద్రాచలం కోర్టులో దావా వేసుకోమన్నాడని చెప్పాను. సరేనని జీపెక్కింది.

ఎందుకు చేశాను? ఆశ అంటే సరిపోతుందా? సగం పొలంతో నేను పస్తులుండేవాణ్ణి కాదు. నాన్నకు మూడేళ్లు సేవ చేసింది నేను, ఆమె చుట్టంలా వచ్చిపోయింది అని మనసులో ఒక తీర్పు రాసుకున్నాను, ఆ తీర్పు రాసే అధికారం నాకెవరిచ్చారని ఒక్కసారైనా నన్ను నేను అడగలేదు, పైగా ఊరంతా నా నోటి మీద ఆధారపడుతుంటే ఆ నోటితో ఏమైనా చెయ్యవచ్చన్న గర్వం కూడా ఉండేదేమో. ఉండేది. ఏమో కాదు.

భద్రాచలంలో వకీలు చుట్టూ రెండు వానాకాలాలు తిరిగింది. చివరికి ఆయన, పొలం ఎక్కడుంటే దావా అక్కడే, ఆ పొలం ఈ కోర్టు హద్దులోకి రాదన్నాడట. మళ్లీ నన్నే అడిగింది. గడువు దాటిపోయిందన్నాను. అది ఇంకో అబద్ధం. ఆ తర్వాత నా కొడుకు పెళ్లికి గట్టు వైపు మడి, ఆమె అడిగిన ఆ మడే, వాడి పేరున రాశాను.

పోయిన ఏడు ఒక పని మీద చర్ల వైపు వెళ్లాను. అక్క ఎవరిదో చేలో మిరపకాయలు ఏరుతోంది. అరవై దాటిన మనిషి. నన్ను చూసి సంతోషపడింది. ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టింది. చేతులు మండుతున్నాయని తాను గరిటెతో తింది. ఆమె ముందు కూర్చుని నేను తిన్నాను. చెప్పకుండానే తిరిగొచ్చాను.

పదిహేను రోజుల తర్వాత మళ్లీ వెళ్లి చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగింది, ఆ రోజు ఆ సారు నిజంగా ఏమన్నాడని. చెప్పాను. లేచి గిన్నెలు తోముకోవడానికి పోయింది. చీకటి పడేదాకా కూర్చున్నాను. మళ్లీ నా ముందుకు రాలేదు.

తర్వాత కూతురితో బీజాపూర్ వచ్చి దావా వేసింది. ఇన్నేళ్ల తర్వాత ఇది విచారించే అధికారం కోర్టుకు లేదని నా కొడుకు వాదిస్తున్నాడు. "ముసలోనివైతివి, నీ పాపం కడుక్కోను నా మడే దొరికిందా?" అన్నాడు. వాడికి దొంగ సొమ్ము పెట్టిందీ నేనే, ఇప్పుడు లాక్కుంటున్నదీ నేనే.

నా పేరున మిగిలిన దాంట్లోంచి సగం అక్క పేరున రాస్తానని, కొడుకు పేరునున్న మడి సంగతి కోర్టు తేల్చాలని రాతపూర్వకంగా ఇచ్చాను. ఆ రోజు ఆమె ఏం చెప్పిందో, నేను ఏం చెప్పానో ప్రమాణం చేసి రాసిచ్చాను. అక్క నాతో మాట్లాడదు. మాట్లాడాలని అడగను. అయినా రాసిచ్చిన రోజు చాలా ఏళ్ల తర్వాత ఊపిరి నిండా పీల్చుకున్నాను.

వచ్చే వాయిదాకు సాక్ష్యం. నా కొడుక్కి ఎదురుగా, అక్క తరఫున మొదటి సాక్షిని నేనే.