పేసర్ తప్పుకునేటప్పుడు

2023 చలికాలం. అరకులోయలో ఒక బాలికల హాస్టల్ పాఠశాలలో నేను సైక్లింగ్ కోచ్‌ని. ఆ ఏడు మా ఈశ్వరిని రాష్ట్ర జట్టు ఎంపికకు పంపాలి. ఆమె పోటీ కీరిన్.

కీరిన్‌లో సైకిళ్ళ ముందు పేసర్ ఒకరు చిన్న మోటారు బండి నడుపుతూ వేగం మెల్లగా పెంచుతారు. ఎదురుగాలిని బండి కాస్తుంది కనుక వెనకవాళ్ళకు శ్రమ తగ్గుతుంది. బండిని ఎవరూ దాటకూడదు. చివరి మూడు చుట్లు ఉన్నాయనగా పేసర్ ట్రాక్ దిగిపోతారు. అసలు పోటీ అక్కణ్ణుంచే.

మా గ్రౌండులో పేసర్ నా భార్య సత్యవతి. నేను స్టాప్‌వాచ్ పట్టుకుంటే ఆమె మా మోపెడ్ నడిపేది. ఆ వానాకాలంలో ఆమె పోయింది. కొన్నాళ్ళకు మోపెడ్ నేను తీశాను.

అప్పటి నుంచి ఈశ్వరి వెనకబడింది. నేను తప్పుకున్నాక కూడా ముందున్న అమ్మాయిని దాటేది కాదు. ఒకరోజైతే నా వెంటే ట్రాక్ దిగి గడ్డిలోకి వచ్చేసింది.

"ఏటే, మాస్టారితో టీకెల్తన్నావేటి?" అని తోటిపిల్లలు నవ్వారు.

పక్కకు పిలిచాను. "దాటే బలం ఉంది కదమ్మా, ఎందుకాగుతున్నావు?"

"మాది జి.మాడుగుల అవతల కొండ, మాస్టారూ. సంతకి వరసగా నడుత్తాం. ముందోలు పక్కకి నిలబడి 'నడు' అంటేనే దాటతాం. నేకపోతే పెద్దోలు తిడతారు."

"మరి అమ్మగారు నడిపినప్పుడు దాటేదానివే?"

"అమ్మగారు అనీవోరు కదండీ. బండి పక్కకి తిప్పి, 'ఇంక నడండే గుంటల్లారా!' అని కేకేసీవోరు. మీరేటీ అనరు."

ఆ కేక నేనూ రోజూ విన్నదే. సరదాకి అరుస్తోందనుకున్నాను.

మర్నాడు నేను కేకేశాను. ఈశ్వరి దూసుకుపోయింది. కానీ ఎంపిక పోటీలో పేసర్ ఏమీ అనరు. జనం గోలలో నా గొంతు వినబడదు.

"అక్కడెలాగే?"

"సూద్దారి మాస్టారూ."

పోటీ వెలోడ్రోమ్‌లో, అంటే మలుపుల్లో వాలుగా కట్టిన సిమెంటు ట్రాక్ మీద. మొదటి ఇద్దరికే జట్టులో చోటు. పేసర్ మౌనంగా దిగిపోయాడు. ఈశ్వరి నాలుగోది. ఒక చుట్టు అలాగే గడిచింది. నేను కంచె మీదికి వంగి చూస్తున్నాను. తర్వాతి మలుపులో ఆమె పెదవులు కదిలాయి. బయటివైపు నుంచి ఒకరిని దాటింది. ఆఖరి గీతకు కాస్త ముందు ఇంకొకరిని.

నీళ్ళ సీసా ఇస్తూ అడిగాను, "ఏమనుకున్నావే?"

"ఎవులూ అనలేదు కదా. అమ్మగారిలాగ నేనే కేకేసీసుకున్నాను."

పేసర్ పని వేగం అందించడమే అనుకునేవాణ్ణి. తప్పుకునేటప్పుడు, ఇక దారి మీదేనని చెప్పడం కూడా ఆ పనిలో భాగమని ఆ పిల్ల వల్ల తెలిసింది. ఇప్పటికీ ఆ మోపెడ్డే. గీత దగ్గర పక్కకు తిప్పి కేకేస్తాను. పిల్లలు నన్ను దాటిపోతుంటే చూడటం బాగుంటుంది.