సముద్రపు గాలిలో పడుగు

1959 నవంబరు 12, గురువారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు మా అన్న, వదిన, నేను తిరుమలగిరిలో సూర్యాపేట బస్సెక్కాము. మా ప్రయాణం అక్కడ మొదలైంది. టికెట్ల ధరలూ, బండ్లు వచ్చిన వేళలూ ఆనాడు వరుసగా రాసుకున్నాను గాని వాటితో ఇప్పుడు పని లేదు. ఎందుకు బయలుదేరామో మాత్రం ముందు చెప్పాలి.

మాది నేతపని చేసే ఇల్లు. మా తండ్రి, బాపు, పోయిన తర్వాత అన్నే మగ్గం నడిపి నన్ను చదివించాడు. నేను నల్లగొండలో తాలూకా కచేరీలో లెక్కలు రాసే గుమాస్తానయ్యాను. నలభై యేండ్లు నిండినా నాకు ఆయన ఎదుట కాలు మీద కాలు వేసుకుని కూర్చునే అలవాటు లేదు. ఆ యేడు మా వైపు వానలు పడలేదు. ఊళ్లో బావులు అడుగంటాయి. చేలు పండకపోతే బట్ట కొనేవాడుండడు, బట్ట పోకపోతే నూలు ఇచ్చేవాడుండడు. మా వాడకట్టులో సగం మంది అప్పటికే షోలాపురం, బొంబాయి మిల్లులకు వెళ్లిపోయారు. మిల్లు పేరెత్తితే అన్న ముఖం తిప్పుకునేవాడు. "మగ్గం మీద కూసున్నోన్ని మిషిను కాడ నిలవెడుతరా?" అనేవాడు. కోస్తాలో మగ్గాలకు కొదువ లేదనీ, షావుకార్లు నూలూ ఇల్లూ ఇచ్చి పని చేయించుకుంటారనీ ఎవరో చెప్పగా, సముద్రం ఒడ్డున ఉన్న నేత ఊళ్లను రైలులో ఒక్కొక్కటే చూసి, నచ్చినచోట మగ్గం వేయాలని ఆయన నిశ్చయించుకున్నాడు. ఎక్కడా కుదరకపోతే మిగిలినది బొంబాయే. వాళ్లకున్న ఒక్క బిడ్డ పెండ్లయి కోస్గికి, అత్తవారింటికి పోయింది. కనుక కదలవలసినది ఇద్దరే.

వదిన ఏమనుకుంటున్నదో ఎవరమూ అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు.

శుక్రవారం ఉదయం బెజవాడలో బందరు బండి ఎక్కాము. ముగ్గురిలో అంతకు ముందు రైలు చూసినవాణ్ని నేనొక్కణ్నే. ఆ కారణం చేత కిటికీ పక్క చోటు నాకక్కరలేదని చెప్పి వదినకు ఇచ్చాను. బండి కదిలిన కాసేపటికే రెండు వైపులా వరి మొదలైంది. కాలువలు, వాటి గట్ల మీద కొబ్బరిచెట్లు, మళ్లీ వరి. మా ఎర్రచెలకలకూ రాళ్లగుట్టలకూ అలవాటుపడిన కళ్లకు ఆ పచ్చదనం కొంతసేపు హాయిగానే ఉన్నది. తర్వాత అలసట కలిగించింది. ఎంత దూరం చూసినా చూపుకు ఆనుకునేందుకు ఒక్క గుట్ట లేదు.

దారిలో ఒక బెస్త ఆమె ఖాళీ చేపల గంపతో ఎక్కి వదిన ఎదుట కూర్చున్నది. వదిన మరచెంబును రెండు చేతులా ఒళ్లో పట్టుకున్నది. బెస్త ఆమె దానివైపు చాలాసేపు చూసి నవ్వింది.

"ఏ ఊరమ్మా మీది? ఆ చెంబును అట్టా పొదువుకున్నావు, అందులో అమృతం గానీ ఉందా?"

"మా ఊరి బాయి నీళ్లు," అన్నది వదిన.

"అయ్యో తల్లీ! కిటికీలోంచి చూడు, ఎటు చూసినా నీళ్లే. పారబోసి కొత్తవి పట్టుకో."

"నీళ్లు పారవోసుడా?" అని వదిన చెంబును ఇంకొంచెం దగ్గరకు తీసుకున్నది. పక్కనున్నవాళ్లందరూ నవ్వారు. వదిన కూడా నవ్వింది గాని మూత తియ్యలేదు.

పెడనలో దిగి రెండు వీధులు తిరిగాము. మగ్గాలు నిండుగా ఉన్నాయి. కొత్త చేతులకు చోటు లేదన్నారు. బందరులో ఒక షావుకారు అన్న నేసిన పంచె అంచును గోటితో గీకి చూసి, పని బాగున్నదని ఒప్పుకున్నాడు. "కానీ మీ మాట మా వాళ్లకి అర్థం కాదయ్యా," అన్నాడు. అన్న ఆయన్ని నిదానంగా చూసి, "నేను నోటితోని నెయ్యను గద షావుకారూ," అన్నాడు. అంతటితో అక్కడి సంగతి ముగిసింది. ఆ సాయంత్రం రేవు వైపు కొంతదూరం నడిచాము. బురదనేల, ఉప్పు తేలిన మడులు, దూరాన ఒక బూడిదరంగు గీత. అదే సముద్రమని ఎవరో చెప్పారు. అన్న దానిని నమ్మలేదు.

శనివారం వెనక్కి బెజవాడ వచ్చి, కృష్ణ దాటి, పొద్దుగూకే వేళకు బాపట్లలో దిగాము. మరునాడు కార్తీక పౌర్ణమి. ఆదివారం తెల్లవారకముందే ఊరు ఊరంతా బండ్లు కట్టుకుని సూర్యలంకకు స్నానానికి పోతున్నది. బాపట్లలో మాకు పని ఏమీ దొరకదని అప్పటికే తెలిసింది. అయినా పర్వంనాడు సముద్రం పక్కనుంచి స్నానం చెయ్యకుండా పోవడం తగదని ఒక బండిలో చోటు అడిగి ఎక్కాము. సరుగుడు తోటలు దాటగానే నేల అంతమైంది.

దానిని వర్ణించే శక్తి నాకు లేదు. మేం ముగ్గురం ఏం చేశామో మాత్రం జ్ఞాపకమున్నది. అన్న చెప్పులు విడిచి చేతిలో పట్టుకున్నాడు. నేను గడియారం తీసి జేబులో పెట్టుకున్నాను. వదిన తిన్నగా మోకాలి లోతుకు నడిచిపోయి, దోసిలి పట్టి ఒక గుక్క తాగి, ఉమ్మేసింది.

"ఓ మరిదీ, గింత నీళ్లుండి దూపకు పనికి రాకపాయెనా!" అన్నది. అంత కోపంగా ఆమె మాట్లాడగా నేను అంతకు ముందు వినలేదు.

స్నానమైన తర్వాత ఒడ్డుకు కొంచెం ఎగువన, ఇసుకలో బెస్త ఆడవాళ్లు చేతులతో చెలమ తవ్వుతున్నారు. మోచేతి లోతుకే నీళ్లు ఊరాయి. వాళ్లు కొబ్బరిచిప్పతో బిందె నింపుకుంటున్నారు. వదిన వాళ్ల పక్కన కూర్చుని అడిగి తాగింది. తియ్యటి నీళ్లు. అంత ఉప్పు పక్కన అవి ఎలా నిలిచాయో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు. వదిన ఆ చెలమ దగ్గరనుంచి లేవడానికి చాలాసేపు పట్టింది. బండివాడు రెండుసార్లు కేకేశాడు.

సోమవారం పొద్దున్నే చీరాలకు పోయాము. స్టేషనుకు తూర్పుగా, ఓడరేవుకు పోయే దారి పక్కన, ఒక నేత వీధి చివర మాకు కావలసిన మనిషి దొరికాడు. లుంగీలు నేయించే షావుకారు. యాభై దాటిన మనిషి, ఎవరి ముఖమూ చూడడు, చేతులు చూస్తాడు. అన్న చేతులు చూసి, తాటాకు పంచలో ఖాళీగా ఉన్న గుంట మగ్గం చూపించాడు. మగ్గం మీద గంజి పట్టించిన లుంగీ పడుగు, నిలువు పోగుల వరుస, సిద్ధంగా ఉన్నది.

"ఇవాళా రేపూ నెయ్యి. నాకు నచ్చితే మగ్గమూ నీదే, వెనకాల ఉన్న గదీ నీదే. కిరాయి అడగను," అన్నాడు.

అన్న గుంటలోకి కాళ్లు జార్చుకుని కూర్చుని, పడుగు మీద అరచేయి ఒకసారి ఆడించి, మొదలుపెట్టాడు. ఆ మధ్యాహ్నమంతా, అడ్డపోగును దగ్గరకు కొట్టే అచ్చు చప్పుడు ఒక్కచోట తడబడలేదు. వీధివాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి నిలబడి చూశారు. షావుకారు రెండుసార్లు వచ్చి చూసి వెళ్లి, మూడోసారి మా ముగ్గురికీ టీ పంపించాడు. నాలుగు రోజుల్లో అన్న మొదటిసారి నవ్వడం అప్పుడే చూశాను.

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. మా మెట్టప్రాంతంలో చలికాలపు గాలి పొడిగా వీస్తుంది. ఆ గాలికి గంజి పెట్టిన పోగు పెళుసెక్కి, మరునాడు అచ్చు తగలగానే పుటుక్కున తెగుతుంది. అందుకని పని దిగేటప్పుడు గుంటలో నీళ్లు చల్లి, పడుగు మీద తడిబట్ట పిండి కప్పి పడుకుంటాము. బాపు అట్లాగే చేసేవాడు. బాపుకు వాళ్ల బాపు నేర్పాడు. ఇది చెయ్యనివాడు మగ్గాన్ని పట్టించుకోనివాడని మా వాడకట్టులో తిట్టు. అన్న ఆ సాయంత్రం ఇంకొకరి పడుగు కదా అని మరింత శ్రద్ధ చూపాడు. గుంటలో రెండు బిందెల నీళ్లు పోశాడు. తన ధోవతినే తడిపి నాలుగు మడతలు పెట్టి పడుగు మీద పరిచాడు. బయట సన్నగా తుంపర పడుతున్నది. నాకు గాని, ఆయనకు గాని మనసులో ఒక్క సందేహం రాలేదు.

మంగళవారం తెల్లవారి ఆ పంచలోకి అడుగుపెట్టగానే పులిసిన వాసన. అన్న ధోవతి తీశాడు. పడుగు కిందికి జారి ఉన్నది. గంజి మెత్తబడి కరిగి, పోగులు పదీ ఇరవై కలిసి అతుక్కుపోయాయి. వేళ్లతో విడదీయబోతే నూలు నూగులా రాలింది. గుంటలో నీళ్లు ఇంకకపోగా పెరిగాయి. కింది నుంచి ఊటవచ్చి జానెడు లోతు నిలబడ్డాయి.

షావుకారు వచ్చి చూసి, తలమీద చెయ్యి పెట్టుకున్నాడు.

"నీళ్లు పోశావా? ఎవరైనా పోస్తారా? ఈ గుంటల్ని ఎండబెట్టుకోలేక మేం కుంపట్లు పెట్టుకు చస్తుంటే!"

అన్న ఆ తడి ధోవతిని మడిచి పక్కన పెట్టాడు. తప్పు తన చేతిది కాదని చెప్పవచ్చు. మా నేల గురించి, మా గాలి గురించి చెప్పవచ్చు. నేను చెప్పబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు. "తమ్మీ, మద్యాన్నం బండి ఎన్నింటికి?" అని అడిగాడు. ఆ బండి బెజవాడకే గాని, ఆయన అడిగినది బొంబాయికని నాకు తెలుసు.

షావుకారు మంచివాడే. కోపం దిగిన తర్వాత, "పడుగు పోతే పోయిందిలే. నీ చెయ్యి నిన్న చూశాను. గుంట పూడ్చి, మగ్గం అరుగు మీదికెత్తి, చెక్కతో కట్టుకుంటే నడుస్తుంది. ఉంటావా, పోతావా, నువ్వే చెప్పు," అన్నాడు.

"పోతం," అన్నాడు అన్న. "నలభై యేండ్ల పని ఒక్క రాత్రిల తప్పయిన జాగల నేనెట్లుంట?"

అప్పుడు పెరటిలోని లోతులేని బావి దగ్గరనుంచి వదిన వచ్చింది. చెంగు తడిసి ఉన్నది, చేతిలో నిండు బిందె. దానిని గడపలో దించింది.

"నువ్వు పోతే పో. నేనుంట," అన్నది.

మేము ముగ్గురమూ ఆమె వైపు తిరిగాము.

"ఇరవై యేండ్ల సంది చేంతాడు గుంజి గుంజి నా అరచేతులు ఎట్లయినయో చూసినవా ఎన్నడన్న? నీ చేతులు అందరు చూస్తరు. ఈడ వంగి చెంబు ముంచితే బిందె నిండుతాంది. బొంబాయిల నల్లా కాడ బిందెల వరుసల కొట్లాడుడు నాతోని గాదు."

అన్న నిర్ఘాంతపోయి, "నా పడుగు కుళ్లవెట్టిన నీళ్లే నీకు తియ్యగయినయా?" అన్నాడు.

"అవ్వే," అన్నది వదిన. "మగ్గం పైకెక్కుతదని ఆ షావుకారే చెప్పవట్టె. మా ఊరి బాయి పైకెక్కుతదా?"

షావుకారు పగలబడి నవ్వాడు. అన్న నవ్వలేదు. ఆయన గుంట దగ్గర గొంతుక్కూర్చుని, ఒక మట్టిపెళ్ల తీసి అందులో వేశాడు. పూడ్చడం మొదలుపెట్టాడని మాకు అర్థం కావడానికి మరి మూడు పెళ్లలు పట్టింది.

ఆ మధ్యాహ్నపు బండికి నేనొక్కణ్నే ఎక్కాను. కిటికీ పక్కన చోటు దొరికింది. బాపట్ల దాటేవరకు సరుగుడు తోటల సందుల్లో సముద్రం కనబడుతుందేమోనని చూశాను. కనబడలేదు. బడికి పోయిన నాటినుంచి నాకు తోడున్న మనిషిని, ఒక ఊరు వెతికి పెట్టడానికి వచ్చి, ఆ ఊళ్లోనే విడిచి వెళ్తున్నాను. ఆయన అక్కడ నిలవకూడదని నేను ఎప్పుడూ కోరలేదు. నిలవాలని ఎంత గట్టిగా కోరానో కూడా ఇప్పుడు చెప్పలేను.

ఇది జరిగిన తర్వాత యేడాదికొకసారి చీరాలకు పోయి వచ్చాను. అన్న చెక్కమగ్గానికి మూడు నెలల్లో అలవాటుపడ్డాడు. అయినా సాయంత్రం పని దిగేటప్పుడు చెయ్యి చెంబు వైపు పోతుందని, ఆపుకుంటానని ఆయనే చెప్పాడు.

మొత్తం మీద తేలినది ఇది. పోయినవి: షావుకారు లుంగీ పడుగు ఒకటి, మళ్లీ కట్టడానికి పనికి రాని అన్న ధోవతి ఒకటి, మరుసటి యేడు అమ్మిన మా తిరుమలగిరి ఇంటి మగ్గం, పండుగలకు అన్నావదినలతో కలిసి తినే అన్నం. మిగిలినవి: అన్న చేతిలో నేతపని, బొంబాయికి పోకుండా నిలిచిన వాళ్లిద్దరి కాపురం, కాయలు పోయి మెత్తబడిన వదిన అరచేతులు.