అవ్వ వస్తా ఉండాదని

పోయిన నెల సత్రపట్టిలో పెళ్ళికని షేర్ ఆటో ఎక్కాను. ఒళ్ళో సంచీ సర్దుకుని, పక్కావిడది ఏ ఊరో అడిగి, ఆవిడ తన కోడలి కథ మొదలుపెట్టేలోపే ఊరొచ్చింది దిగమన్నాడు ఆటోవాడు. పట్టుమని పావుగంట. దిగి, వచ్చిన దారి వైపు తిరిగి చూస్తే దూరంగా కొండలు కనిపించాయి. ఇదే దారిలో, ఆ కొండలకు ఎదురుగా, మా నాయన తోలిన ఎద్దుల బండిలో మా ఊరు రాజపాళయానికి వచ్చిన రోజు గుర్తొచ్చింది. మన ఈడువాళ్ళకైతే చెప్పుకోవచ్చు, ఆ ప్రయాణం నాకు ఇంకా పూర్తి కాలేదేమో అనిపిస్తుంది.

అవి యాభైల చివరి రోజులు. నాకు పదకొండేళ్ళు. నాయనది మిల్లులో పని. మా అవ్వ, అంటే నాయనను కన్నతల్లి, పత్తి తీతల కాలం వస్తే ఇంట్లో నిలిచేది కాదు. సత్రపట్టి చేలకు పోయి అక్కడే గుడిసెలో మూడు నాలుగు వారాలుండి వచ్చేది. కొడుకు సంపాదిస్తున్నాడు కదా, ఈ వయసులో ఎందుకని అమ్మ అంటే, కాళ్ళు ఆడినంత కాలం కూర్చుని తిననని మొండికేసేది. ఆ ఏడు బడికి సెలవులని నన్నూ వెంటబెట్టుకుపోయింది. నేను తీసిన పత్తి పిడికెడు, గీరుకున్న వేళ్ళు చూపించి ఏడ్చింది బండెడు.

అప్పట్లో మాలో ఒక వాడుక ఉండేది. దూరం నుంచి మనిషి ఇంటికి వస్తుంటే, ఊరు దగ్గరపడగానే ఒక పిల్లను ముందు పరుగెత్తించేవాళ్ళు. ఫలానావాళ్ళు వస్తున్నారు, కాళ్ళకు నీళ్ళు పెట్టండి, గంజి కాయండి అని ఆ పిల్ల ఇంట్లో చెప్పాలి. చెప్పకుండా వచ్చి గడపలో నిలబడితే వచ్చినవాళ్ళకు మర్యాద తక్కువ, ఇంటివాళ్ళకు తలవంపు. మా వీధికంతా ఆ పని నాదే. పరుగులో నన్ను మించినవాళ్ళు లేరని నాకు గర్వం, వాగుడులో కూడా లేరని అమ్మ అనేది.

మేము క్రైస్తవులం. ఇంట్లో తెలుగు, గుడిలో అరవం. బైబిలు అరవం, పాటలు అరవం, ప్రసంగం చేసే అయ్యగారూ అరవమే. తిట్లు, లాలిపాటలు, కూరగాయల బేరాలు మాత్రం తెలుగులో సాగేవి. దేవుడికి అరవం తప్ప రాదని నేను చాలా ఏళ్ళు నమ్మాను. మీరు చదువుతున్న ఈ అక్షరాలు కూడా నలభై దాటాక పక్కింటి పంతులమ్మ దగ్గర కూర్చుని నేర్చుకున్నవే.

మూడో వారంలో ఒకనాడు అవ్వ పత్తి ఒడితోనే చేలో కూలబడింది. కబురందుకున్న నాయన మిల్లుకు లీవు పెట్టి, ఎవరిదో బండి అడిగి తెచ్చాడు. ఆ ఊరి కాంపౌండరు అవ్వను చూసి, నాయనను పక్కకు పిలిచి, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. ఆసుపత్రికి అనలేదు. ఆ తేడా నాకు అప్పుడు తెలియలేదు.

ఎండ ఎక్కకముందే బయలుదేరాం. బండిలో గడ్డి పరిచి అవ్వను పడుకోబెట్టాం, తల నా ఒళ్ళో. సగం దారిలో అవ్వ ప్రార్థన చెయ్యమంది. నాయన బండి ఆపి, తలగుడ్డ తీసి, గుడిలో చేసినట్టే చక్కని అరవంలో మొదలుపెట్టాడు. అవ్వ చెయ్యెత్తి ఆపింది.

“అది వద్దప్పా. పుట్టినకాడినుంచి ఆయనతో అరవంలోనే మాట్లాడినాను, మిల్లు నడిపే ముదలాళితో మాట్లాడినట్టు. ఇప్పుడు ఇంటికి పోతా ఉండాను. ఇంటికి పోయేటప్పుడు గూడా అరవమేనా? మన మాటలో చెప్పు.”

పొద్దస్తమానం ఎద్దులతో సహా తెలుగులోనే మాట్లాడే మా నాయనకు, దేవుడితో చెప్పడానికి ఒక్క తెలుగు మాట దొరకలేదు. రెండుసార్లు నోరు తెరిచి, మూసి, తలగుడ్డతో ముఖం కప్పుకున్నాడు. అవ్వ నా వైపు చూసింది. నాకు మాత్రం ఏం తెలుసు? మా మాటలో నాకు చేతనైంది కబురు చెప్పడం ఒక్కటే. అదే చెప్పాను.

“సామీ, మా అవ్వ వస్తా ఉండాది. ఎండలో వస్తా ఉండాది. కాళ్ళకు నీళ్ళు పెట్టు. గంజి కాచు. తలుపు తెరిచి పెట్టు.”

ఆమెన్ అనడం కూడా మరిచిపోయాను. అవ్వ నా చెంప తడిమి, “చాలు, చెప్పినావు గదా,” అంది. ఆ తరువాత మాట్లాడలేదు.

ఊరి మొదట్లో నాయన నన్ను దింపి, ముందు పోయి అమ్మతో చెప్పమన్నాడు. ఊపిరి బిగబట్టి పరుగెత్తాను, అవ్వ వస్తోందని వీధంతా చాటాను. అమ్మ చాప పరిచి, చెంబుతో నీళ్ళు పట్టుకుని గడపలో నిలబడింది. బండి వచ్చి ఆగింది. నాయన ఎంతసేపటికీ దిగలేదు. అమ్మ ఆ చెంబు పట్టుకునే ఉండిపోయింది.

ఆ రోజు నేను రెండు ఇళ్ళకు కబురు చెప్పాను, అవ్వ మొదట చెప్పిన ఇంటికే చేరిపోయింది. బండిలో ఆ మాట అనకుండా ఉంటే మా ఇంటికే వచ్చేదేమోనని ఏళ్ళ తరబడి చాటుగా ఏడ్చాను. పెళ్ళయి పిల్లలు పుట్టాక గానీ అమ్మతో ఆ సంగతి చెప్పే ధైర్యం రాలేదు. అమ్మ నన్ను దగ్గరకు తీసుకుని, తను నీళ్ళు పట్టుకుని నిలబడినట్టే అక్కడ దేవుడూ నిలబడి ఉంటాడని, అలసిన మనిషి ముందు కనబడిన గడప ఎక్కిందని, అందులో నా తప్పేమీ లేదని చెప్పింది.

ఇప్పుడు ఎవరూ ముందు పరుగెత్తనక్కరలేదు. దారిపొడవునా ఎక్కడున్నావని ఫోనులో అడుగుతూనే ఉంటారు, తీరా గుమ్మంలోకి వస్తే తలెత్తి చూసేవాళ్ళుండరు. మా ఇల్లు కూడా మెల్లగా అరవమైపోయింది. మనవలు బంగారంలాంటివాళ్ళు, నా కోసం చక్కగా అరవంలో ప్రార్థిస్తారు, దానికి లోటు లేదు. పోవలసిన ఇల్లొకటి ఉందన్న నమ్మకం నాకు ఆ బండిలో కలిగింది, ఇంతవరకు చెదరలేదు. భయం లేదు, బెంగే ఎక్కువ. నాకంటే ముందు పరుగెత్తి మన మాటలో కబురు చెప్పడానికి ఏ పిల్లా లేదు కదా, అందుకని ఈ మధ్య రోజూ పొద్దున్నే లేచి నేనే చెప్పుకుంటున్నాను. సామీ, వస్తా ఉండాను, మా అవ్వను కొంచెం గడపలోకి రమ్మను.