ఐసింగులో చెంబుడు నీళ్ళు

ఆ రోజుల్లో మా చిత్తూరు వైపు పుట్టినరోజు అంటే తలంటు, కొత్త చొక్కా, గుడిలో ఒక అర్చన, ఇంట్లో సేమ్యా పాయసం, అంతే. కేకు అనేది క్రిస్మస్‌నాడు పక్కింటి టీచరమ్మ పళ్ళెంలో పెట్టి పంపే రెండు ముక్కలు. అందులో గుడ్డు ఉందో లేదో తేలేదాకా మా అవ్వ దాన్ని వసారాలోనే ఆపేసేది (తేలేలోపు దాన్ని నేను తినేసేవాణ్ణి). అలాంటి కాలంలో, అలాంటి చోట, పంతొమ్మిదేళ్ళ వయసులో నేను బేకరీలో పనిచేశాను. ఈ సంగతి ఇప్పటిదాకా అందరికీ గొప్పగా చెప్పుకుంటూ వచ్చాను. అయితే మొన్న ఒక పెళ్ళిలో, భోజనాల బంతిలో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి ఒకప్పుడు మా బేకరీ మాస్టర్ తాగొచ్చి పెళ్ళికేకు పాడుచేసిన కథ చెప్పి ఎదుటి వరుసను కూడా నవ్వించాడు. నేనూ నవ్వాను. చెయ్యి కడుక్కునే దగ్గర నిలబడ్డాక గాని నేను నవ్విన నవ్వు నాకు వినబడలేదు. ఆ మాస్టర్ ఆ రోజు తాగలేదు. ఆ కేకు పాడుచేసింది ఆయన కాదు, నేను. ముప్పై ఏళ్ళు ఆలస్యంగానైనా ఆ మాట కాగితం మీద పెట్టాలని కూర్చున్నాను.

ఇంటర్మీడియట్ రెండుసార్లు తప్పాక మా నాయన నన్ను మా పల్లె ఐరాల నుంచి బస్సెక్కించి చిత్తూరుకు తీసుకొచ్చి, తనకు తెలిసిన బేకరీ యజమాని ముందు నిలబెట్టాడు. ఆయన్ని అందరం మొదలాళి అనేవాళ్ళం. "సదువు రాలేదు గాని, పని సేస్తాడబ్బా. ఇంట్లో మజ్జిగ సిలికేదంతా ఈడే," అన్నాడు నాయన. నా గురించి మా నాయన నలుగురిలో చెప్పిన మంచి మాట అదొక్కటే. అందులో అబద్ధం లేదు కూడా. మా ఇంట్లో కవ్వం తాడు లాగే పని నాకు ఎనిమిదో ఏటి నుంచీ ఉంది. నన్ను మొదలాళి మాస్టర్‌కు అప్పగించాడు. మాస్టర్ వేలూరులో పని నేర్చిన మనిషి. తెలుగు మాట్లాడుతూనే తమిళంలో తిట్టేవాడు, అందర్నీ తంబీ అనేవాడు. శనివారం సాయంత్రం కొంచెం పుచ్చుకునే అలవాటుండేది. మిగతా ఆరు రోజులూ ఆయన చేతిలో ఉన్నది పిండో వెన్నో తప్ప ఇంకేమీ కాదని నేను ఎక్కడైనా ప్రమాణం చేస్తాను.

నేను చేరిన కొన్నాళ్ళకే మొదలాళి మద్రాసులో ఏదో హోటలు అమ్మేస్తున్న మిక్సింగ్ మిషన్ కొని లారీలో తెప్పించాడు. ఇనప స్తంభం, దానికి ఏనుగు తలలాంటి మోటారు, కింద అన్నదానాల్లో సాంబారు పోసేంత గిన్నె, ఆ గిన్నెలో తిరిగే పంజరంలాంటి కమ్ములబుట్ట. పక్కన మూడు నంబర్ల పిడి. ఒకటో నంబరులో పెడితే మెల్లగా, రెండులో జోరుగా తిరుగుతుంది. మూడో నంబరులో పెడితే మాత్రం బల్ల మీది రొట్టెలు వాటంతట అవే నడుస్తాయి. మొదటిసారి అది తిరగడం చూసి నేను రెండడుగులు వెనక్కి వేశాను. మొదలాళి దానికి పసుపూ కుంకుమా పెట్టి, టెంకాయ కొట్టి, "దీన్ని మాస్టర్ తప్ప ఇంకెవురూ ముట్టుకోగూడదు," అన్నాడు. నాకైతే, కరెంటుతో నడిచే కవ్వాన్ని నన్ను ముట్టుకోవద్దనడం అవమానంగానే తోచింది.

అంతలో పెద్ద బేరం వచ్చింది. సర్కారు ఆస్పత్రి కాంపౌండరుగారి కూతురి పెళ్ళి. చర్చిలో పెళ్ళి, మూడంతస్తుల కేకు. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు కోలారు బంగారు గనులవాళ్ళు. కాంపౌండరుగారు బేకరీకి వచ్చి, కుర్చీ వేసినా కూర్చోకుండా, "వాళ్ళు దొరల ఇండ్లల్లో కేకులు తిన్నోళ్ళప్పా. వనస్పతి రాసినారంటే నాలిక మీద పెట్టంగానే కనిపెడతారు. నా బిడ్డ ఆ ఇంట్లో తల ఎత్తుకొని తిరగాల. అసలు వెన్నతో చెయ్యండి," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు వణికింది. మాస్టర్ ముందుకు వచ్చి, "నా చెయ్యి మీద నమ్మకం పెట్టి పొండి సార్," అన్నాడు. తన చెయ్యి గురించి ఆయన అంత పెద్ద మాట అనగా నేను విన్నది అదే మొదటిసారి.

వెన్న మా ఐరాల నుంచే తెప్పించారు. పల్లెవెన్న అంటే తెలిసిందే కదా, నీళ్ళలో వేసి ఉంచుతారు. దాన్ని మాస్టర్ పొద్దున్నే పలచటి బట్టలో మూటకట్టి పిండాడు. ఇంకో బట్టలోకి మార్చి పిండాడు. మళ్ళీ మార్చి పిండాడు. నాలుగోసారి పిండాక ఆ బట్టను నా చెంపకు ఆనించి, "తడి తగులుతా ఉండాదా?" అని అడిగాడు. లేదన్నాను. "ఐసింగుకి శత్రువు నీళ్ళే తంబీ. సుక్క నీళ్ళుండినా వెన్న నిలబడదు," అని చెప్పి, మెత్తగా జల్లించిన పంచదార పిండి, వెన్న, వెనీలా కలిపి, కేకు మీద రాసే క్రీముకని మిషను రెండో నంబరులో పెట్టాడు. పక్క వీధిలోని వడ్రంగి కేకు అంతస్తుల కింద పెట్టే చెక్కలు తెగ్గోసి ఉంచాడట, తీసుకురావడానికి బయలుదేరుతూ నా వైపు తిరిగి, "పది నిమిసాలు అట్లే తిరగనీ. నువ్వు చెయ్యాల్సింది ఒగటే. ఏమీ చెయ్యొద్దు," అన్నాడు.

ఏమీ చెయ్యకుండా ఉండడం ఎంత కష్టమో పంతొమ్మిదేళ్ళ వయసులో ఎవరికీ తెలియదు. రెండు నిమిషాలు చూశాను. గిన్నెలో సరుకు తెల్లగా, నున్నగా రావడానికి బదులు పలుకులు పలుకులుగా విరిగినట్టు కనబడింది. (అది మధ్యలో అలాగే కనబడుతుందనీ, ఇంకాసేపు తిరిగితే అదే సర్దుకుంటుందనీ నాకు తర్వాత తెలిసింది. చాలా తర్వాత.) కాంపౌండరుగారి వణికిన గొంతు గుర్తొచ్చింది. వీధిలోకి తొంగి చూస్తే మాస్టర్ జాడ లేదు. ఆ క్షణంలో నాకు వచ్చిన విద్య నాకు గుర్తొచ్చింది. కవ్వం ఎంత లాగినా వెన్న ముద్దకట్టనప్పుడు మా అవ్వ ఏం చేసేది? "సెంబుడు సన్నీళ్ళు పొయ్‌రా, అదే కూడుకుంటుంది," అనేది. పదకొండేళ్ళు ఆ పని చేశాను, ఒక్కరోజూ తప్పలేదు. మిషనైతేనేం, కవ్వం కవ్వమే కదా.

మంచినీళ్ళ కుండలో చెంబు ముంచి నిండుగా తీసుకొచ్చి గిన్నెలో పోశాను. త్వరగా కూడుకోవాలని పిడి మూడో నంబరుకు తోశాను.

ఒక్క క్షణం ఏమీ కాలేదు. ఆ తర్వాత జరిగినదాన్ని నేను ఇప్పటికీ ముక్కలు ముక్కలుగానే గుర్తు చేసుకోగలను. తీపినీళ్ళు ముందు నా కళ్ళలో పడ్డాయి. కళ్ళు తుడుచుకుని చూసేసరికి గోడ తెల్లబడి ఉంది. పైన తిరుగుతున్న ఫ్యానుకు కూడా తన వాటా అందింది, దాన్ని అది నాలుగు మూలలకూ పంచింది. వెంకటేశ్వరస్వామి పటం అభిషేకం చేసినట్టుంది. రస్కుల డబ్బాలు, బిస్కెట్ల అద్దాలు, బోర్డు మీది బేకరీ పేరు, అన్నీ కారుతున్నాయి. మిషను ఆపి గిన్నెలోకి తొంగిచూశాను. కమ్ములబుట్ట మధ్యన గుమ్మడికాయంత వెన్నముద్ద గట్టిగా పట్టుకుని ఉంది, దాని చుట్టూ పంచదార నీళ్ళు. నిజం రాస్తానని కూర్చున్నాను కాబట్టి ఇది కూడా రాయాలి. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "కూడుకునింది!" మా అవ్వ పెట్టే పరీక్షలో నూటికి నూరు వచ్చినట్టు క్షణంసేపు సంతోషించాను.

సరిగ్గా అప్పుడే మొదలాళి కాంపౌండరుగారిని వెంటబెట్టుకుని కేకు చూపించడానికి లోపలికి వచ్చాడు. గుమ్మంలో ఇద్దరూ కొయ్యబారిపోయారు. ఫ్యాను ఇంకా తిరుగుతూనే ఉంది, మొదలాళి కొత్త చొక్కా మీద రెండు చుక్కలు పడ్డాయి. ఆయన వాటిని చూసుకోలేదు. "ఏందిరా ఇది? ఎవురు చేసినారు?" అన్నాడు. నేను నోరు తెరిచాను. వచ్చిన మాట, "మాస్టర్ కలిపిపెట్టి పోయినాడు మొదలాళీ." చూడండి, అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఇన్నేళ్ళూ నేను తలదాచుకున్నది ఆ ఒక్క మాట కిందే.

మాస్టర్ చంకలో మూడు చెక్కలతో వచ్చాడు. గోడలు చూశాడు, గిన్నె చూశాడు. చెక్కలు మెల్లగా కింద పెట్టి, గిన్నెలో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. నన్ను అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు. వెన్నబట్ట ఎత్తి చూసి, ఇంకోసారి గట్టిగా పిండి చూసి, "నీళ్ళు మిగిలిపోయినట్టుండాయి. సరిగ్గా పిండలేదు మాదిరుండాది," అన్నాడు తనలో తాను. మొదలాళి పళ్ళు కొరికి, "పొద్దున్నే ఏసుకొని వచ్చినావా?" అన్నాడు. ఆ మాట మాస్టర్‌కు వినబడినట్టే లేదు. తన కుడిచేతిని చూసుకుంటూ నిలబడ్డాడు. నిజం చెప్పడానికి నాకు అప్పుడు కావలసినంత సమయం దొరికింది. నేను తడిగుడ్డ తీసుకుని గోడ తుడవడం మొదలుపెట్టాను.

ఐరాల నుంచి మళ్ళీ వెన్న తెప్పించే వేళ లేదు. మధ్యాహ్నం నుంచి చీకటిపడేదాకా మాస్టర్ వనస్పతితోనే ఐసింగు చేసి, మూడంతస్తులకూ రాసి, గులాబీలు వేసి, కేకును తనే మోసుకెళ్ళి పెళ్ళివారింట్లో పెట్టి వచ్చాడు. వచ్చి తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు పనికి రాలేదు. ఆ తర్వాతా రాలేదు. పెళ్ళిలో గనులవాళ్ళు ఆ కేకు తిని, "దొరలుండినప్పుడు తిన్నట్టే ఉండాది, అసలు వెన్న రుసే వేరు," అన్నారట. కాంపౌండరుగారు నన్ను పిలిచి ఒక ముక్క చేతిలో పెట్టి, "ఆ తాగుబోతు చెయ్యి పెట్టినా, దేవుడు మా పరువు కాపాడినాడప్పా," అన్నాడు. వారం తిరక్కుండా మొదలాళి మిషను నాకు అప్పగించాడు. దాని ముందు నిలబడ్డ ప్రతిసారీ నా చెయ్యి మూడో నంబరు దాకా వెళ్ళేది కాదు.

రెండేళ్ళ తర్వాత నాకు వేరే ఉద్యోగం దొరికింది. అటుపైన ఇంకో ఏడేళ్ళకు తిరుపతి నుంచి పుత్తూరు వెళుతున్న బస్సుకు వడమాలపేటలో పంక్చరైంది. దిగి నిలబడితే కాల్చిన బన్నుల వాసన వచ్చింది. రేకుల కప్పు కింద చిన్న కొట్టు. అప్పుడే ఒక తల్లి చిన్నపిల్లను ఎత్తుకుని, "అన్నా, పాపకు పుట్టినదినం, క్రీము కేకు చేసిస్తావా?" అని అడుగుతోంది. లోపలి నుంచి, "బన్ను అడుగమ్మా, రస్కు అడుగు. క్రీము నా చేతికి పడదు," అని జవాబు వచ్చింది. ఆ తల్లి వెళ్ళిపోయింది. ఆ గొంతు విని నేను రోడ్డు మీదే నిలబడిపోయాను.

"తంబీ! యాడ్నించి ఊడిపడినావప్పా?" అంటూ మాస్టరే బయటికి వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు, జుట్టు నెరిసింది. బల్ల మీద కూర్చోబెట్టి వేడి బన్ను చేతిలో పెట్టాడు. క్రీము చేతికి పడకపోవడమేంది మాస్టర్ అన్నాను. ఆయన నవ్వాడు. "ఆ పొద్దు నాలుగుసార్లు పిండినాను తంబీ. నీ చెంపకు ఆనించి చూపించినా గదా? నీళ్ళు యాడ మిగిలినాయో ఈ పొద్దుటికీ తెలీలా. పిండిన చెయ్యికే తెలీలేదంటే ఇంక ఆ చెయ్యిని ఎట్ల నమ్మేది? దాన్నుంచి క్రీము జోలికి పోలేదు."

తొమ్మిదేళ్ళూ ఆయన నన్ను అనుమానిస్తూ, తిట్టుకుంటూ ఉంటాడనే అనుకున్నాను. ఆయన అనుమానించింది తన చేతిని!

"మాస్టర్, పోసింది నేను."

"ఏంది పోసింది?"

"నీళ్ళు."

"యాడ?"

"మిషన్లో. చెంబుడు."

"ఎందుకు?"

"ముద్ద కట్టలేదని."

కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. ఆయన కుడిచెయ్యి పైకెత్తి, అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుని, ఒక్క పొలికేక పెట్టాడు. "ఏమేయ్! ఇట్రా! నా చెయ్యి కాదంట! ఈడు చెంబుడు నీళ్ళు పోసినాడంట!" లోపలి నుంచి ఆయన భార్య పిండిచేతులతో పరిగెత్తుకొచ్చింది. సంగతి విని, మాస్టర్ తిట్టాల్సినవన్నీ ఆమే తిట్టింది. "తువ్వాలు పిండి దండెం మీదేస్తే గూడా, ఇంకా నీళ్ళుండాయేమో సూడే అంటాడు ఈ మనిసి! తొమ్మిదేండ్లుగా సూస్తా ఉండాను! నీ నోరు యాడ పోయిందిరా నాయనా?" అంది. తల వంచుకుని నిలబడ్డాను. తల ఎత్తేసరికి ఎదురుగా మాస్టర్ లేడు. పంచె ఎగగట్టి, చెప్పులు కూడా లేకుండా, ఆ ఎర్రటి ఎండలో రోడ్డు వెంబడి పరిగెత్తుతున్నాడు. "అమ్మా! ఓయమ్మా! పాపను ఎత్తుకొనిపోయే అమ్మా! నిలబడు తల్లీ! క్రీము కేకే గదా? ఎన్ని కిలోలు?"

బస్సు కదిలాక కిటికీలోంచి చూస్తే వాళ్ళిద్దరూ రోడ్డు పక్కన నిలబడి ఉన్నారు. మాస్టర్ గాలిలో వేలితో గులాబీ గీసి చూపిస్తున్నాడు. చిత్తూరులో కూడా అందరికీ నిజం చెప్పేస్తానని ఆ కిటికీ దగ్గరే ఒట్టు పెట్టుకున్నాను, కాని బస్సు పుత్తూరు చేరేలోపు ఇంక చెప్పాల్సినవాళ్ళకు చెప్పేశాను కదా అని సర్దుకున్నాను. గోడ తుడుస్తూ నోరు మూసుకున్నవాణ్ణి చిన్నవాడని ఎప్పుడో క్షమించేశాను. మొన్న బంతిలో కూర్చుని, పెరుగన్నం కలుపుకుంటూ అందరితో కలిసి నవ్విన నాలోని పెద్దమనిషికి నలభై తొమ్మిదేళ్ళు. ఆయన్ని ఏం చేయాలో తెలియడం లేదు. గడ్డం గీసుకుంటూ రోజూ అద్దంలో చూస్తున్నాను. నురగ రాసుకున్న ఆ తెల్లటి ముఖం చూస్తే కోపం రావాలి, నవ్వే వస్తోంది.