పక్క కొట్టు కాటా

గుడివాడ నుంచి బందరు వెళ్లే బస్సులో, "ఫిర్యాదు వెనక్కి తీసుకోను నాన్నా" అంటూ ఫోన్ పెట్టేసింది పక్క సీటు అమ్మాయి. సైన్యంలో పనని బస్సెక్కగానే చెప్పింది. కిరాణా కొట్లో పెరిగిన నోరు కదా నాది, ఊరుకోలేక ఏమైందని అడిగాను.

"మా పై అధికారి బలవంతం చేయబోయాడండీ. విచారించేది ఆయన స్నేహితుడే."

"బదిలీ అడిగి సర్దుకోమ్మా. మా కొట్లో గొడవలు అలాగే సర్ది తేల్చేస్తాం."

"తూకం మీద తగాదా వస్తేనో బాబాయిగారూ?"

"పక్క కొట్టు కాటా మీద తూయిస్తాం."

"నేనూ బయటివాళ్లు విచారించాలనే అడుగుతున్నానండీ."

ఫోన్ మళ్లీ మోగింది. "మా నాన్నకి మీరే చెప్పండి" అంటూ నా చేతిలో పెట్టింది.

"బాబూ, కాస్త సర్దుకోమనండి" అంటూ ఆయన ఏడుస్తున్నాడు.

"కుదరదండీ" అన్నాను. రోజూ బేరాల్లో అనే మాటే. ఆవేళ మాత్రం ఆ అమ్మాయి తరఫున అన్నాను.