మగ్గం గుంతలో జాజ్

పోయిన వారం మా కోడలు అరచేతిలో పట్టేంత స్పీకరొకటి కొని తెచ్చి, "మామా, మీకేం పాట కావాలో చెప్పండి, పెడతా" అంది. నాకేం కావాలో ఎవరూ అడగక చాలాకాలమైంది కనుక కాస్త సిగ్గుపడి, ఒక పాత అమెరికన్ జాజ్ పాట పేరు చెప్పాను. అయిదుగురు వాయిద్యగాళ్లు, మూడు నిమిషాలు. క్లారినెట్ అలా మొదలైందో లేదో, వంటింట్లో అనపకాయలు ఒలుస్తున్న మా ఆవిడ తలెత్తి, "ఇది మీ బావ పాట గదా" అంది. ఆ పాట రికార్డు కొన్నది నేను. బెంగళూరులో ఎమ్మే చదివే రోజుల్లో, పాత సామాన్ల అంగడిలో చూసి, వారంపాటు మధ్యాహ్నం భోజనం మానుకుని కొన్నాను. అయినా, శబ్దం కాస్త పెంచమని కోడలితో అన్నాను. వాదించడం కన్నా పాట వినడం రక్తపోటుకు మంచిదట.

అనంతపురంలో లెక్చరరుగా చేరినప్పుడు ఆ రికార్డూ, తర్వాత కొన్న మరికొన్నీ, ఒక పాత ప్లేయరూ నాతో వచ్చాయి. ఊళ్లో వానలు లేవు, కుళాయిలో నీళ్లు లేవు, జాజ్ వినేవాడు లేడు. మొదటి రెండింటి గురించి అందరూ బాధపడేవారు. తోటి లెక్చరర్లను పిలిచి, టీ ఇచ్చి, రికార్డు వేసేముందు దాని చరిత్ర అరగంట చెప్పేవాణ్ని. వృక్షశాస్త్రం ఆయన ఒకసారి చివరిదాకా ఓపిగ్గా కూచుని, "బాగుంది సార్, మాటలెప్పుడొస్తాయి?" అన్నాడు. నేను నొచ్చుకున్నట్టు ముఖం పెట్టాను గానీ, లోపల హాయిగానే ఉంది. జిల్లా మొత్తానికీ దీన్ని అర్థం చేసుకున్నవాణ్ని నేనొక్కణ్ణే.

ఒక ఎండాకాలం, నేను అద్దెకున్న ఇంటి కప్పు బాగుచేస్తామంటే, రికార్డుల పెట్టెను, ప్లేయరును ధర్మవరంలో మా అక్క ఇంట్లో పెట్టి వచ్చాను. బావ పట్టుచీరలు నేసేవాడు. రెండంచులూ వేరే రంగులో వచ్చే చీరకు మనుషులూ ఇద్దరు కావాలి. బావ మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తుంటే, అక్క అటుపక్క కూచుని అంచు దారాన్ని అటూ ఇటూ మోసే నాడెను అందుకుని, తన వంతు రాగానే తిరిగి పంపేది. మధ్యలో మాటల్లేవు. పొద్దున పోట్లాడుకుని ఉన్నా నాడె ఆగేది కాదు, కాస్త వేగంగా వచ్చేది, అంతే. ప్లేయరు ముట్టుకోవద్దని వాళ్లకు చెప్పాలన్న ఆలోచనే నాకు రాలేదు. పట్టు నేసేవాళ్లకు దీంతో ఏం పని అనుకున్నాను.

నెల తర్వాత వెళితే, ప్లేయరు మగ్గం పక్కన స్టూలెక్కి ఆ అయిదుగురి పాటే మోగిస్తోంది. నా అలవాటు కొద్దీ చరిత్ర ఎత్తుకున్నాను. బావ చెయ్యి ఆపలేదు.

"అదంతా ఉండనీప్పా. ఈ అడుగున లావు తీగెలు మీటే ఆయప్ప ఉండాడే, ఒక్కసారన్నా ముందుకు రాడు. ఆయప్ప లేకుంటే తక్కినోళ్లు యాడికి పోతారో వాళ్లకే తెలీదు. పియానో ఆయన్ని సూడు. క్లారినెట్టాయన ఊపిరి తీసుకునే సందులోనే మాటేస్తాండాడు. మీ అక్క మాదిరి."

"మరి తక్కినప్పుడు నాకు సందు యాడిస్తావు నువ్వు" అంది అక్క, నాడె పంపిస్తూ.

అయిదేళ్లుగా నేను ఆ పియానో వినలేదని కాదు. విన్నాను. సందు వినలేదు.

ఆ సాయంత్రమే అన్నీ సర్దేశాను. "ఈడ దుమ్ము పడతాంది బావా, పాడైపోతాయి" అన్నాను. బావ మగ్గం ఆపాడు. "ఆ అయిదుగురిదీ ఒక్కటి పెట్టిపో అప్పా, ప్లేయరు యాడన్నా సూసుకుంటా" అన్నాడు. ఆయన నన్ను నోరు తెరిచి అడిగింది అదొక్కటే. "అది సెట్టు, విడదీయకూడదు" అని అబద్ధమాడాను. అక్క నా ముఖంలోకి చూసి, "తీసుకపో నాయనా, నీ ఇంటికొచ్చి కునికేవాళ్లకి యినిపించు" అంది. అనంతపురం బస్సు బత్తలపల్లె దాటినా పెట్టెను ఒళ్లోంచి దించలేదు.

ఇంట్లో పాట వేస్తే ఇప్పుడు సందు వినబడింది, అదీ బావ గొంతుతో. ఆరునెలలు అలా విన్నాక సిగ్గేసి, ఇచ్చేద్దామని ఆ రికార్డును దినపత్రికలో చుట్టుకుని ధర్మవరం వెళ్లాను. గుమ్మం దగ్గరే ఆగిపోయాను. లోపల నేత సాగుతోంది. బావ ముక్కుతో క్లారినెట్ తీస్తున్నాడు. ఆయన ఊపిరి తీసుకున్నచోట అక్క సన్నగా పియానో. లావు తీగెలాయన పని మగ్గం తొక్కే చెక్కలు చేస్తున్నాయి. రికార్డు మీద ఒకచోట చిన్న గీత ఉంది; సూది అక్కడ ఎగిరి నాలుగు దరువుల అవతల పడుతుంది. ఆ చోటికి రాగానే ఇద్దరూ ఒక్కసారే ఎగిరి, అవతల దిగారు. నాడె మాత్రం తడబడలేదు.

నన్ను చూసి అక్క, "ఏమిరా, చంకలో ఏముండాది?" అంది.

"పేపరక్కా" అన్నాను. కాఫీ తాగి, పేపరుతో సహా తిరిగి వచ్చేశాను. వాళ్లకు రికార్డు ఇక అక్కర్లేదని దారంతా నాకు నేను చెప్పుకున్నాను. ఆ అక్కర్లేకపోవడాన్నే నేను ఓర్చుకోలేకపోయానని ఒప్పుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఇరవైమంది ఒక్కటై ఊదే పెద్ద బృందాల రికార్డులు కూడా నా దగ్గర ఉండేవి. అవి గౌరవంగా ముసలివైపోయాయి. ఈ అయిదుగురు మాత్రం ఎప్పుడు విన్నా, ఇప్పుడే గదిలోకి వచ్చి, ఒకరికొకరు చోటిస్తూ కూచుంటున్నట్టే ఉంటారు. రికార్డు నా బీరువాలో భద్రంగా ఉంది. అది నిజంగా బతికిన కాలం మాత్రం ధర్మవరంలో, ఆ మగ్గం దగ్గర, నేను లేనప్పుడు గడిచిపోయింది.