ఆర్విల్ గారి మూడు నిమిషాలు

ఆర్విల్ స్టుట్జ్‌మన్‌కు ఉన్నది ఒకే ఒక్క బలహీనత: నగరసభ సమావేశంలో మాట్లాడకుండా ఉండలేడు. వెల్డన్ ఫాల్స్‌లో ఎవరైనా సరే వచ్చి, ఒక్కో అంశం మీద మూడు నిమిషాలు మాట్లాడవచ్చు. ఆ రూలు రాసినవాళ్లు ఆర్విల్ పుడతాడని ఊహించి ఉండరు.

స్కూలు బస్సులు బాగుచేసే పని నుంచి రిటైరయ్యాక, పదకొండేళ్లుగా, నెలకో సోమవారం సాయంత్రం ఆరింటికి ఆయన మొదటి వరసలో హాజరు. రాలిన ఆకులు ఎత్తే బండి మీద మూడు నిమిషాలు. గ్రంథాలయం తలుపుల రంగు మీద మూడు నిమిషాలు. టైము చూసి గంట కొట్టే పని సభ గుమాస్తా డెనీస్ ప్రూయిట్‌ది. ఆయన గొంతు సవరించుకుంటే చాలు, ఆవిడ చెయ్యి దానంతటదే గంట మీదికి పోయేది.

ఓసారి కుక్కలకు గొలుసులు వెయ్యాలా వద్దా అన్న చర్చ వచ్చింది.

"మీకు కుక్కుందా ఆర్విల్?" అన్నాడు మేయర్ హాస్కెల్.

"లేదు. అందుకే నిష్పక్షపాతంగా మాట్లాడుతున్నా."

సభ్యుల్లో ఒకావిడ ఆయన ప్రసంగాలు వింటూనే ముగ్గురు మనవలకు స్వెట్టర్లు అల్లేసింది.

నవంబరు సమావేశంలో నాలుగో నంబరు బస్సును ఎత్తేసే ప్రతిపాదన వచ్చింది. హాలు ఖాళీ.

"అడ్డు చెప్పేవాళ్లెవరూ రాలేదుగా, ముందు అది కానిచ్చేద్దాం," అన్నాడు మేయర్.

ఆర్విల్ లేచాడు. "వరస తప్పితే ఎలాగండీ? పోయిన నెల సభ మినిట్స్ ఆమోదించందే బస్సెలా ఎక్కుతాం?"

ఆ మినిట్స్‌లో ఒక కామా తప్పు పడిందని మూడు నిమిషాలు మాట్లాడాడు. తర్వాత రోడ్ల మీది మంచుకు చల్లే ఉప్పు. "మా తాతగారు క్యాబేజీ ఊరబెట్టేవారు..." అని మొదలుపెట్టి ఇంకో మూడు నిమిషాలు. డెనీస్‌కు ఒకటి వింతగా తోచింది. ఎప్పుడూ మేయర్ కళ్లలోకి చూస్తూ మాట్లాడే మనిషి, ఇవాళ మాటిమాటికీ వెనక్కి తిరిగి తలుపు వంక చూస్తున్నాడు.

బస్సు వంతూ వచ్చింది. మూడు నిమిషాలూ అయ్యాయి. గంట మోగింది.

"ఇక కూర్చోండి," అన్నాడు మేయర్.

"మధ్యలో నాలుగుసార్లు దగ్గానండీ. దగ్గులు కూడా టైములోకి వస్తాయా? రూల్సులో ఏముందో కాస్త చూడమ్మా డెనీస్."

ఆయన ముఖంలో కంగారు డెనీస్ ఎన్నడూ చూడలేదు. ఎందుకో తెలియకపోయినా ఆవిడ రూల్సు పుస్తకం తెరిచింది. వేలు తడి చేసుకుని ఒక్కో పేజీ తిప్పసాగింది.

"ఇంకెంతసేపు?" మేయర్ తల పట్టుకున్నాడు.

"ఇప్పుడే ముందుమాట అయిందండీ."

అప్పుడు తలుపు భళ్లున తెరుచుకుంది. తల మీద వంటింటి టోపీతోనే రొప్పుతూ వచ్చిందో మనిషి. పేరు లొరెటా గ్యాంబ్లిన్, వృద్ధాశ్రమంలో వంటామె.

"క్షమించండి. బస్సు లేటు."

మేయర్‌కు కూడా నవ్వాగలేదు.

"లేటైనా వస్తోంది కాబట్టే పద్నాలుగు మందిమి పనికి పోతున్నాం," అంది లొరెటా. "మాలో ఒక్కళ్లకీ కారు లేదు. అది ఎత్తేస్తే రేపు పొద్దున ఆ ముసలివాళ్లకి జావ కాచేదెవరు? మీరొస్తారా?"

ఎవరూ వస్తామనలేదు. నలుగురు బస్సు ఉండాలన్నారు, ముగ్గురు వద్దన్నారు. బస్సు నిలిచింది.

కుర్చీలు మడత పెడుతున్నప్పుడు డెనీస్ అడిగింది. "లొరెటా మీకు చుట్టమా?"

"పేరు కూడా ఇందాకే తెలిసింది. మొన్న కిరాణా కొట్టు లైన్లో, బస్సు గురించి చెప్పడానికి ఆరింటికల్లా సభకు రాలేనని ఎవరితోనో చెప్పుకుని బాధపడుతుంటే విన్నా."

డెనీస్ చేతిలో కుర్చీ అలాగే ఆగిపోయింది. పోస్టాఫీసు మెట్ల పక్కన వాలుదారి కావాలని చక్రాల కుర్చీలో వచ్చిన ఆవిడ కూడా ఆ రోజు ఆలస్యంగానే వచ్చింది. అప్పుడూ ఈయనే, మెట్ల చరిత్ర మొదలెట్టి ఆపలేదు.

"మరి పోయిన నెల మూడు అంశాల్లోకీ ఉడతల్నే లాగి వరసగా తొమ్మిది నిమిషాలు మాట్లాడారే? అప్పుడెవరికోసం ఎదురుచూశారు?"

"ఎవరికోసమూ కాదమ్మా," అన్నాడు ఆర్విల్ కోటు తొడుక్కుంటూ. "నాకు ఉడతలంటే ఒళ్లు మంట."